చారలు తేలిన చేను

"హనుమయ్యని రేపట్నించి పనిలోకి రావద్దని చెప్పేశా," అన్నాడు తిరుపతిరావు, కంచం ముందు కూర్చుంటూ.

అన్నం వడ్డిస్తున్న సుబ్బరత్నం చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. పప్పు వేసింది, గోంగూర పచ్చడి వేసింది. నెయ్యి గిన్నె మాత్రం తన పక్కనే ఉంచుకుంది.

"ఎప్పుడు చెప్పారు?"

"పొద్దున. కాలవగట్టు మీద కనిపించాడు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? నేను చల్లలేదన్నాడు. ఎవడు మాత్రం ఒప్పుకుంటాడు! నా చేలో చల్లమని ఇచ్చిన యూరియా మిగిలుంటుంది. మోసుకురావడానికి బద్ధకించి నీ చేలో గుమ్మరించి ఉంటాడు."

"గుమ్మరిస్తే కుప్పలా పడుతుంది. మన చేలో కుప్ప లేదు."

"గుమ్మరించాడో చల్లాడో, పని మాత్రం వాడిదే. నీ చేలోకి వాడు కాక ఎవరెళ్తారు?"

సుబ్బరత్నం భర్త ముఖంలోకి చూసింది. తిరుపతిరావు పప్పన్నంలోకి చూశాడు.

ఆ యూరియా చల్లింది తిరుపతిరావే. ఆ సంగతి తనకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదని అతని గట్టి నమ్మకం.

నాలుగు రోజుల క్రితం సుబ్బరత్నం ఎకరం చేలో చారలు తేలాయి. చేనంతా లేతాకుపచ్చగా ఉంటే, కాలిబాటల పక్కన మాత్రం ముదురు రంగు చారలు. ఒక్కో చార విసనకర్రలా విచ్చుకుని, పక్క చారను తాకీ తాకకుండా ఆగిపోయింది. మనిషి చేత్తో యూరియా చల్లితే తప్ప అలాంటి చారలు రావు. డెల్టాలో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

తిరుపతిరావు పప్పులో కాలేసింది అక్కడే. ఇరవయ్యేడేళ్లుగా అతను యూరియా చల్లుతూనే ఉన్నాడు. కానీ అందరి చేలూ యూరియా తిన్నవే, అందరి చేలూ ఒకటే ముదురాకుపచ్చ నలుపు. ఆ పంటకి యూరియా రుచే చూపని చేలో అర బస్తా చల్లితే అది వారం తిరక్కుండా బొమ్మ గీసి చూపిస్తుందని అతనికి తట్టలేదు. తట్టే అవకాశమూ లేదు. అలాంటి చేను అతను చూస్తే కదా!

"జరీనా గారు నాలుగింటికి వస్తానన్నారు," అంది సుబ్బరత్నం.

"రానీ. ఆ పిల్లకేం తెలుస్తుంది? గవర్నర్‌పేటలో బియ్యం అమ్ముకునే వాళ్లకి చేలో రంగులు తెలుస్తాయా? జీలుగ కలియదున్నాం గదా, అది బాగా కుళ్లిన చోట నలుపు తిరిగిందని చెప్పు. వారం ఆగితే రంగు అదే సర్దుకుంటుంది."

"రంగు సర్దుకుంటుంది. నేనిచ్చిన మాటో?"

"మాటదేముందే! అర బస్తా యూరియాకి కొంపలంటుకుపోవు."

"అర బస్తా అని మీకెలా తెలుసు?"

తిరుపతిరావు గ్లాసు అందుకున్నాడు. మంచినీళ్లు తాగాడు. "చారల్ని బట్టి చెప్పలేనా? ఇన్నేళ్ల సేద్యం చేసింది దేనికి?" అన్నాడు.

"ఊఁ," అంది సుబ్బరత్నం. నెయ్యి గిన్నె మీద మూత పెట్టేసింది.

*

నిజానికి తిరుపతిరావు చెడ్డవాడు కాదు. భార్యని ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు, ఎవరి గట్టూ జరిపి ఎరగడు. అతనికున్న జబ్బల్లా కడుపుమంట. అదీ పరాయివాళ్ల మీద కాదు, తాళి కట్టిన పెళ్లాం మీద. అందుకే ఎవరికీ చెప్పుకునే వీలు కూడా లేదు.

కార్తె చూసి వాన చెప్పగలడని అతనికి పేరు. నారు ఏ రోజు పోయాలో, ఏ మడికి ఎంత యూరియా పడాలో అడగడానికి పొద్దున్నే అరుగు మీదికి మనుషులు వచ్చేవాళ్లు. సుబ్బరత్నం కాఫీలు ఇవ్వలేక విసుక్కునేది. ఆ విసుగు కూడా అతనికి వినసొంపుగా ఉండేది.

ఆ కార్తెలు కాస్తా మాట తప్పాయి. రెండేళ్లుగా వాన ఒకసారి ముందు పడుతోంది, ఒకసారి అసలు పడటం లేదు. పైన డ్యాముల్లో నీళ్లు లేవు. జూన్‌లో రావాల్సిన కాలవ ఆగస్టు సగం గడిచాక వచ్చింది. ఎప్పటిలాగే నారు పోసుకుని కూర్చున్న తిరుపతిరావుకి ఆ నారు మళ్లలోనే రెండు నెలలు ముదిరిపోయింది. అతని మాట విని నారు పోసిన వాళ్లందరి గతీ అంతే. అరుగు మీదికి వచ్చేవాళ్లు తగ్గారు.

సుబ్బరత్నం మాత్రం విత్తనాలు డబ్బాలోంచి తీయలేదు. గన్నవరంలో ఎక్కడో మూడు రోజులు శిక్షణకు వెళ్లి శ్రీ వరి సాగు నేర్చుకొచ్చింది. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరాన్ని "ఈ ఒక్క ఏడూ నాకొదిలెయ్యండి" అని అడిగి తీసుకుంది. కాలవకి నీళ్లు వచ్చాయని తెలిశాకే నారు పోసింది. పదో రోజున ఆ పసికూనల్లాంటి మొక్కల్ని జానెడు ఎడంగా ఒక్కొక్కటే నాటించింది.

నాటిన పది రోజుల వరకూ ఆ చేలో మట్టి తప్ప పైరు కనిపించలేదు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. "రత్నమ్మగారు వరి నాటారా, బంతి నారు నాటారా" అని బడ్డీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. తిరుపతిరావు అందరిలోకీ గట్టిగా నవ్వాడు. ఆ పది రోజులూ అతనికి అన్నం బాగా సహించింది.

నలభై రోజులు తిరిగేసరికి ఒక్కో మొక్కకి నలభై పిలకలు లేచాయి. అతని చేలో ముదురు నారు దుబ్బుకి పది పిలకలు పెట్టడానికి ఆపసోపాలు పడుతోంది.

అప్పుడు మొదలయ్యారు వచ్చేవాళ్లు. ఉయ్యూరు నుంచి, హనుమాన్ జంక్షన్ నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు. ఒకరోజు తిరుపతిరావు సొంత చేలో మోకాలి లోతు బురదలో నిలబడి ఉంటే, గట్టు మీంచి ఒకాయన కేకేశాడు.

"సుబ్బరత్నం గారి చేను ఎక్కడండీ?"

"ఆ పక్కదే."

"మీరు ఆవిడ దగ్గర పని చేస్తారా?"

తిరుపతిరావు ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ మాట ఇప్పటికీ, పళ్లు తోముకునేటప్పుడు కూడా గుర్తొస్తుంది.

ఇది చాలదన్నట్టు జరీనా వచ్చింది. గవర్నర్‌పేటలో నవాబ్ గారి బియ్యం కొట్టు అంటే పట్నంలో తెలియని వాళ్లు లేరు. జరీనా ఆయన పెద్దకోడలు. మందులూ యూరియా లేని బియ్యం కావాలని డాక్టర్లు, లాయర్లు అడుగుతున్నారట. చేలో గింజంత యూరియా పడకపోతే పంటంతా తనే తీసుకుంటానంది. సంచి మీద రైతు పేరు అచ్చు వేయిస్తానంది.

సంచి మీద పేరు! తిరుపతిరావు ఇరవయ్యేడేళ్లు పండించిన వడ్లు మిల్లుకెళ్లి ఎవరెవరి వడ్లతోనో కలిసిపోయాయి. అవి ఎవరి కంచంలో పడ్డాయో, ఎవరు తిని బాగున్నాయన్నారో దేవుడికే తెలియాలి.

ఇదంతా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే జరిగింది. కాలవ నీళ్లు వంతులు పెట్టారు. అతని చేను నెర్రెలిచ్చింది. సుబ్బరత్నం తన వంతు రోజున వచ్చి, "నా చేనుకి ఇప్పుడు తడి అక్కర్లేదు, ఆరాలి. నా నీళ్లు కూడా మీరే పెట్టుకోండి" అంది. దయగానే అంది. వెక్కిరింపుగా అన్నా అతను భరించేవాడేమో.

ఆ నీళ్లు పెట్టుకున్నాడు. గత్యంతరం లేక పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, హనుమయ్య రాకముందు, అర బస్తా భుజాన వేసుకుని ఆమె చేలోకి దిగాడు. పైరుకి బలం అనుకున్నాడు. రేపు దిగుబడి వస్తే, ఇందులో నా యూరియా కూడా ఉందని కనీసం తన మనసుకైనా చెప్పుకోవచ్చు అనుకున్నాడు.

*

జరీనా నాలుగింటికి కాదు, నాలుగున్నరకి దిగింది. గన్నవరంలో ఆటో దొరకలేదట. చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడుస్తూ, సంచిలోంచి ఒక గుడ్డ సంచి తీసింది.

"చూడండి సుబ్బరత్నం గారూ! నమూనాకి ఒకటి అచ్చు వేయించాం. అక్షరాలు బాగున్నాయా? మా మామగారు ఇంకా పెద్దవి పెట్టమన్నారు."

సుబ్బరత్నం సంచి అందుకుంది. పేరుని వేలితో తడిమి చూసింది.

తిరుపతిరావు ఆ అక్షరాలను ఓరకంట చదివాడు. ఇంటిపేరు కూడా వేశారు. ఆ ఇంటిపేరు తనది.

"అదేంటండీ, చేను రెండు రంగుల్లో ఉంది?" జరీనా నొసటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "రెండు రకాల విత్తనం వేశారా?"

"జీలుగమ్మా," అన్నాడు తిరుపతిరావు చప్పున. "పచ్చిరొట్ట. అది బాగా కుళ్లిన చోట..."

"కాదు జరీనా గారూ," అంది సుబ్బరత్నం. "యూరియా పడింది."

జరీనా ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది.

"ఎవరు చల్లారండీ?"

జవాబు రాకముందే కాలవ వైపు నుంచి హనుమయ్య వచ్చాడు. నెత్తిన తట్ట, తట్టలో ఇసక. ముప్పయ్యేళ్లుగా ఈ ఇంటి చేలల్లో పని చేస్తున్న మనిషి, రమ్మనకుండా రావడం ఇదే మొదటిసారి. తట్ట దించి, తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా, పట్నం నుంచి మనిషొచ్చిందని తెలిసి వచ్చా. నేను చల్లానంటన్నారు. ఇదిగో ఇసక. మీ అందరి ముందూ చల్లుతా. నా చెయ్యి ఎట్టా పడుద్దో చూడండి. ఆ చారల మాదిరి పడితే రేపట్నించి ఈ ఊళ్లోనే ఉండను."

"ఇప్పుడీ నాటకాలెందుకురా?" అన్నాడు తిరుపతిరావు.

"నాటకం కాదయ్యా. నాకు కుడి భుజం పట్టేసి మూడేళ్లయింది. తమరికి తెలీదా? నేను చల్లితే రెండు బారలు దాటదు. ఆ చారలు చూడండి, నాలుగు బారలున్నయ్యి."

వంగి గుప్పెడు ఇసక తీశాడు.

"వద్దు హనుమయ్యా," అంది సుబ్బరత్నం. "చల్లకు. నువ్వు రుజువు చెయ్యాల్సిన పని లేదు." జరీనా వైపు తిరిగింది. "నేనే చల్లానండీ."

తిరుపతిరావు నిర్ఘాంతపోయాడు.

"మీరా?" అంది జరీనా.

"నేనే. పైరు పాలిపోయినట్టు అనిపించింది. పక్క చేలు నల్లగా కనపడుతుంటే నా బుద్ధి నిలవలేదు. తప్పు నాది. ఈ పంట మీ సంచుల్లో పొయ్యొద్దు."

హనుమయ్య గుప్పిట్లోంచి ఇసక సన్నగా జారిపోయింది.

తిరుపతిరావు గుండె తేలికపడాలి. గండం గడిచింది కదా. జరీనా పెదవి విరిచి, సంచి లాక్కుని వెళ్లిపోతే ఇక ఆ గొడవే లేదు. అతను దానికోసమే ఎదురుచూశాడు.

జరీనా వెళ్లలేదు. సుబ్బరత్నం చెయ్యి పట్టుకుంది.

"మా మామగారు ముప్పయ్యేళ్లుగా కొట్లో కూర్చుంటున్నారు. రాళ్లు కలిపి రాళ్లు లేవన్నవాళ్లని చూశారు, పాత బియ్యమని కొత్తవి అంటగట్టినవాళ్లని చూశారు. తన నోటితో తనే ఇందులో తప్పుందని చెప్పిన రైతు గురించి ఆయన నోట ఎప్పుడూ వినలేదండీ. ఈ ఏడు తీసుకోలేను. మాట మాటే. కానీ ఈ సంచి మీ దగ్గరే ఉంచండి. వచ్చే ఏడు ఇదే పేరుతో అమ్ముతాను."

తిరుపతిరావు పళ్లు బిగించాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నా సరే అనుకోవచ్చు. అబద్ధం చెప్పినా దానికి పేరొచ్చింది! ఈ మనిషి ఏం పట్టుకున్నా పొగడ్తే.

జరీనా చేను వైపు చూసింది.

"ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఇంత కొలిచినట్టు ఎలా చల్లారండీ? ఒక చారకీ ఇంకో చారకీ జానెడు తేడా లేదు. మిషనుతో చల్లినట్టుంది. నూజివీడు వైపు ఆడవాళ్ల సంఘం ఉంది, పాపం వానపాముల ఎరువు కుప్పలు కుప్పలుగా పోసేస్తున్నారు. వచ్చే నెల మిమ్మల్ని తీసుకెళ్తాను. ఆ చెయ్యి ఎలా తిప్పాలో వాళ్లకి..."

"అది నా చెయ్యి!"

అరిచింది తనేనని తిరుపతిరావుకి కాసేపటికి గాని తెలియలేదు.

"అది నా చెయ్యమ్మా! ఆవిడకి చల్లడం ఏం తెలుసు? పెళ్లయిన దగ్గర్నించి ఒక్క గుప్పెడు చల్లి ఎరగదు. అడుగుకో గుప్పెడు, మోచెయ్యి ఒంటికి ఆనించి, మణికట్టుతో విసరాలి. మా నాన్న ఇసకతో నేర్పాడు నాకు. ఈ చుట్టుపక్కల అట్టా చల్లేవాడు ఇంకోడు లేడు. కావాలంటే హనుమయ్యని అడుగు!"

హనుమయ్యని అడుగు అన్న మాట గాలిలో అలాగే నిలబడిపోయింది.

జరీనా అతని వైపు చూసింది, తర్వాత సుబ్బరత్నం వైపు చూసింది. చిన్నగా రెండడుగులు వెనక్కి వేసి, విడిచిన చెప్పుల దగ్గర నిలబడింది.

సుబ్బరత్నం ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"నాకు తెలుసు," అంది. "ఇరవయ్యేడేళ్లు గట్టు మీద కూర్చుని ఆ చెయ్యి చూశాను. పెళ్లయిన కొత్తలో దానికోసమే క్యారేజీ తెచ్చే వంకన వచ్చేదాన్ని. చార తేలగానే గుర్తుపట్టాను. మీ నోటితో మీరే చెబుతారని ఆగాను. హనుమయ్య పేరెత్తినప్పుడు చెబుతారనుకున్నా. చెప్పలేదు. వాణ్ణి పనిలోంచి తీసేసినప్పుడైనా చెబుతారనుకున్నా. చెప్పలేదు. మీ చెయ్యిని నాదంటే మాత్రం ఆగలేకపోయారు."

అందులో ఒక్క అక్షరం కూడా తిరుపతిరావుకి కాదనడానికి లేదు.

హనుమయ్య వంగి తట్టలోని ఇసక గట్టున పారబోసి, ఖాళీ తట్టలో తలగుడ్డ వేశాడు. వెళ్లబోతూ ఆగాడు.

"అమ్మా, చార తేలిన రోజునే తెలుసా మీకు?"

సుబ్బరత్నం తలెత్తింది.

"తెలుసు హనుమయ్యా."

"నాలుగు రోజులమ్మా." అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "బడ్డీకొట్టు కాడికి పోతే మాటలాపేశారు. నిన్న మా ఇంటిది దానమ్మ బియ్యం కడుగుతా అడిగింది, నిజం చెప్పు, నువ్వే చల్లావా అని. అది అట్టా అడిగితే, నేనే చల్లి మరిచిపోయానేమో అని నాకే అనుమానం వచ్చింది. తమరు ఒక్క మాట చెబితే అయిపోయేది."

"ఆయన నోటితో రావాలని..." అంది సుబ్బరత్నం. అక్కడితో ఆగిపోయింది.

"ఆయన నోటి కోసం మీరు కూర్చున్నారు. నా పేరు తాకట్టు పెట్టుకుని కూర్చున్నారు." హనుమయ్య తట్ట నెత్తిన పెట్టుకున్నాడు. "కలుపు తీసే వీడరు మీ గొడ్లసావిట్లో పెట్టానమ్మా. రేపు ఇంకెవర్నన్నా చూసుకోండి."

గట్టు మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

సుబ్బరత్నం నిలబడిపోయింది. చేను చూడొచ్చిన పదిమందికీ చెప్పే మనిషికి, ఆఫీసర్లకి ఎదురు ప్రశ్నలు వేసే మనిషికి ఒక్క మాట దొరకలేదు. మెడ దాకా ఎర్రబడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి సుబ్బరత్నం తప్పు చేసి నలుగురిలో దొరికిపోయింది.

తిరుపతిరావుకి సంతోషం కలిగింది. లోపల ఎక్కడో, చల్లగా. కలిగినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆ సంతోషం పోలేదు.

సరిగ్గా అప్పుడే సుబ్బరత్నం తల తిప్పి అతని ముఖం చూసింది. అతను దాచుకునేలోపే చూసేసింది.

తర్వాత కొంగు నడుముకి దోపుకుని, హనుమయ్య వెళ్లిన గట్టు వెంట అడుగేసింది.

"ఇంటి తాళంచెవి గూట్లో ఉంది," అంది. "అన్నం మధ్యాహ్నంది మిగిలుంది, పెట్టుకు తినండి."